దారి తప్పిన సాక్ష్యం

1980 జులై 19. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సభలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అరవై ఏళ్ళ మాజీ సైనికుని మెడలో ఆ దేశపు అత్యున్నత శౌర్య పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను అలంకరించారు. ఆ సైనికుని పేరు మాట్ అర్బన్. యుద్ధంలో మెడకు తగిలిన తూటా ఆయన స్వరాన్ని దెబ్బతీసింది. ఆ తరువాత జీవితమంతా ఆయన బొంగురు గొంతుతోనే మాట్లాడారు. పతకం ఇచ్చింది 1980లో. అందుకు కారణమైన సాహసం జరిగింది 1944లో. ఈ రెండింటి నడుమ ముప్పయి ఆరు సంవత్సరాలు గడిచిపోయాయి.

ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? ఆయన సాహసాన్ని చూసినవారు లేకనా? చూసినవారు ఉన్నారు. చూసినది వ్రాసి పంపినవారూ ఉన్నారు. కాని ఆ వ్రాత చేరవలసిన చేతికి చేరలేదు. మనిషి చేసిన పనికీ, ఆ పని గురించి కార్యాలయాలలో మిగిలే కాగితానికీ నడుమ ఎంత దూరం ఉండగలదో, ఆ దూరాన్ని ఎవరు ఎలా తగ్గించగలరో ఈ నెల ఈ శీర్షికలో ఆలోచిద్దాం.

ఒక సార్జెంటు వ్రాసిన ఉత్తరం

రెండవ ప్రపంచయుద్ధంలో అర్బన్ అమెరికా సైన్యపు తొమ్మిదవ పదాతి డివిజన్‌లో కెప్టెన్. 1944 జూన్ 14న ఫ్రాన్సులోని రెనూఫ్ సమీపంలో ఆయన కంపెనీ శత్రు ట్యాంకుల కాల్పులకు చిక్కింది. సైనికులు వరుసగా నేలకూలుతున్నారు. అర్బన్ ఒక బజూకాను చేతబట్టి, మందుగుండు మోసే సైనికుణ్ణి వెంటబెట్టుకొని, పొదల చాటున ముందుకు సాగి రెండు ట్యాంకులను ధ్వంసం చేశారు. అదే రోజు కాలికి తీవ్రమైన గాయమైంది. వెనుకకు వెళ్ళడానికి ఆయన ఒప్పుకోలేదు. మరునాడు మళ్ళీ గాయపడిన తరువాతనే ఆయనను ఇంగ్లండులోని ఆసుపత్రికి తరలించారు.

జులైలో, తన బెటాలియన్ భారీగా నష్టపోతున్నదని ఆసుపత్రిలో తెలిసింది. గాయం మానకముందే అక్కడి నుంచి బయలుదేరి, దారిలో దొరికిన వాహనాలెక్కి, కుంటుకుంటూ సెయింట్ లో వద్ద తన సైనికులను చేరుకున్నారు. ఆగిపోయిన ఒక ట్యాంకు పైకి తూటాల నడుమనే ఎక్కి, మెషీన్‌గన్ పట్టి, దాన్ని ముందుకు నడిపించారు. ఆగస్టులో మరి రెండుసార్లు గాయపడ్డారు. సెప్టెంబరు 3న బెల్జియంలో మ్యూజ్ నది దాటే చోట దాడికి నాయకత్వం వహిస్తూ మెడకు గాయమై పడిపోయారు. నది దాటే మార్గం దక్కిందని తెలిసేదాకా అక్కడి నుంచి కదలడానికి నిరాకరించారు.

ఇదంతా కళ్ళారా చూసినవారిలో స్టాఫ్ సార్జెంటు ఎర్ల్ ఎవాన్స్ ఒకరు. యుద్ధం ముగిసే దశలో, 1945 జులై 5న, అర్బన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వాలని కోరుతూ ఆయన సైనిక శాఖకు ఉత్తరం వ్రాశారు. పై అధికారి కింది సైనికునికి సిఫారసు వ్రాయడం అందరూ ఎరిగినదే. ఇక్కడ కిందివాడు పై అధికారి కోసం కలం పట్టాడు. అందులో లాభాపేక్షకు తావు లేదు. చూసినదాన్ని చెప్పడమే.

ఆ ఉత్తరం కాగితాల నడుమ ఎక్కడో నిలిచిపోయింది. అర్బన్ 1946లో లెఫ్టినెంట్ కల్నల్ హోదాతో సైన్యం నుంచి విరమించుకున్నారు. ఏళ్ళు గడిచాయి. 1970ల చివరి సంవత్సరాలలో దాని గురించి విచారణ మొదలైనప్పుడు గాని ఆ సాక్ష్యం వెలుగు చూడలేదు. వెలుగు చూశాక సైన్యం పరిశీలించింది, అంగీకరించింది. అర్బన్ 1995లో కన్నుమూశారు. కాగితం మరో పదిహేనేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ పతకాన్ని అందుకొనేది ఆయన కుటుంబం మాత్రమే.

ఒక్క పంక్తి విలువ

"పతకం ఒక లోహపు ముక్క. దానికోసం ఇంత తాపత్రయమా?" అని ఎవరైనా అనవచ్చు. పతకాన్ని పట్టించుకోని సైనికులు చాలామందే ఉన్నారు. యుద్ధం నుంచి ఇంటికి చేరడమే మహాభాగ్యమనుకొని, పత్రంలో ఏమి వ్రాశారో చదవకుండా మడిచి పెట్టెలో దాచినవారు లక్షలు. వారి మౌనం వెనుక వినయం ఉంటుంది, మరువాలనుకొన్న బాధ ఉంటుంది. అయితే ఆ పంక్తి అవసరం తరచుగా సైనికునికి కాక, వృద్ధాప్యంలో ఆయనను చూసుకొనే భార్యకూ పిల్లలకూ ఎదురవుతుంది.

అమెరికాలో 1950 నుంచి సైన్యాన్ని వీడే ప్రతివారికీ డీడీ–214 అనే పత్రం ఇస్తున్నారు. చేరిన తేదీ, వీడిన తేదీ, హోదా, సేవ చేసిన కాలం, పొందిన పతకాలు, విరమణ స్వభావం అన్నీ అందులో ఉంటాయి. వైద్యం, పింఛను, గృహరుణం, ఖననం దేనికి వెళ్ళినా ముందు అడిగేది ఆ పత్రాన్నే. గాయపడిన సైనికునికి ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం అందులో నమోదై ఉంటే మాజీ సైనికుల ఆసుపత్రులలో ప్రాధాన్యం పెరుగుతుంది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో భూమిలో ఖననానికి అర్హత ఇచ్చే పతకాలలో అది ఒకటి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ మనిషి నిజంగా పోరులో ఉన్నాడనడానికి అది రుజువు. ముప్పయి ఏళ్ళ తరువాత కీళ్ళు పట్టేసినప్పుడు, నిద్రలో ఉలికిపడి లేచినప్పుడు, "ఇది యుద్ధంలో వచ్చిన బాధే" అని చెప్పుకోవడానికి ఆ ఒక్క పంక్తి ఆధారమవుతుంది. అది లేకపోతే నిజం చెప్పే మనిషే రుజువుల కోసం తిరగవలసి వస్తుంది.

పతకం ఎలా తప్పిపోతుంది?

అర్బన్ విషయంలో కాగితం దారి తప్పింది. పతకాలు తప్పిపోవడానికి అదొక్కటే కారణం కాదు.

మొదటిది, నియమం ఆలస్యంగా రావడం. రెండవ ప్రపంచయుద్ధంలో నేరుగా పోరులో పాల్గొన్న పదాతి సైనికులకు ఒక ప్రత్యేక బ్యాడ్జీ ఇచ్చేవారు. పోరు నడుమ వైద్యం చేసినవారికి మరొకటి ఉండేది. 1947లో ప్రభుత్వం, ఆ యుద్ధకాలంలో ఈ బ్యాడ్జీలు సంపాదించినవారికి బ్రాంజ్ స్టార్ పతకం పొందే అర్హత ఉంటుందని నిర్ణయించింది. కాని అప్పటికే అత్యధికులు ఇళ్ళకు చేరారు. వారి విరమణ పత్రాలు వ్రాసేనాటికి ఆ నియమమే లేదు. అందుచేత పత్రంలో బ్యాడ్జీ ఉంటుంది, పతకం ఉండదు. వ్రాసిన గుమాస్తా తప్పూ లేదు, సైనికుని తప్పూ లేదు. ఎవరో ఒకరు అడిగితే తప్ప ఆ ఖాళీ నిండదు. ఆ సంగతి తెలియక అడగనివారెందరో.

రెండవది, కాగితం నాశనం కావడం. 1973 జులై 12న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, సెయింట్ లూయిస్ నగర శివారులోని జాతీయ సైనిక సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఆరవ అంతస్తులో మంటలు లేచాయి. నాలుగు రోజులకు పైగా ఆరలేదు. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా సేవా దస్త్రాలు బుగ్గి అయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 వరకు సైన్యాన్ని వీడినవారి దస్త్రాలలో 80 శాతం పోయాయి. వైమానిక దళంలో 1947 నుంచి 1964 ప్రారంభం వరకు విరమించుకొన్నవారిలో, ఇంటిపేరు అకారాది క్రమంలో ఒకానొక చోటు దాటినవారి దస్త్రాలలో 75 శాతం పోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్ములు లేవు. ఏయే దస్త్రాలు అక్కడ ఉండేవో చెప్పే సూచిక కూడా లేదు.

ఆ నష్టం నుంచి కోలుకొన్న తీరు గమనించదగినది. మంటలార్పిన నీటిలో నానిన దస్త్రాలు బూజు పట్టే స్థితికి చేరాయి. అంతరిక్ష పరిశోధనకు ఉపయోగించే శూన్యపు గదిలో వాటిని ఉంచి తడి పీల్చారు. అంచులు కాలి, నడుమ అక్షరాలు మిగిలిన లక్షల దస్త్రాలను నేటికీ చేతికి తొడుగులు వేసుకొని తెరుస్తున్నారు. పూర్తిగా కాలిపోయినవాటి స్థానంలో చుట్టుపక్కల ఆధారాలు వెతికారు. సైనికునికి ఇచ్చిన చివరి జీతపు రసీదులు మరొక చోట భద్రంగా ఉన్నాయి. రోజూ ఉదయం కంపెనీలో ఎవరు హాజరు, ఎవరు గాయపడ్డారు, ఎవరు ఆసుపత్రికి వెళ్ళారు అని వ్రాసే నివేదికలు ఉన్నాయి. 1988లో, యుద్ధకాలపు ఆసుపత్రి చేరికల వివరాలున్న కంప్యూటర్ టేపులు బయటపడ్డాయి. వాటిలో పేర్లు లేవు, సైనికుల సంఖ్యలు మాత్రమే ఉన్నాయి. కాని ఫలానా సంఖ్య గల సైనికుడు ఫలానా నెలలో తూటా గాయంతో ఆసుపత్రిలో చేరాడని తెలిస్తే, నలభై అయిదేళ్ళ క్రితం రావలసిన పర్పుల్ హార్ట్‌కు అది ఆధారమైంది. ఒక గుమాస్తా లెక్కల కోసం గుద్దిన అంకె ఒక వృద్ధుని మాటకు సాక్షిగా నిలిచింది.

మూడవది అన్నిటికంటె బాధాకరమైనది. కాగితం పోలేదు, కాలలేదు. వ్రాయడమే జరగలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో పది లక్షలకు పైగా నల్లజాతి అమెరికన్లు సేవ చేశారు. యుద్ధకాలంలో వారిలో ఒక్కరికైనా మెడల్ ఆఫ్ ఆనర్ రాలేదు. వెర్నన్ బేకర్ అనే లెఫ్టినెంట్ 1945 ఏప్రిల్‌లో ఇటలీలో ఒక కోటపై జరిగిన దాడిలో ప్రాణాలకు తెగించి పోరాడారు. ఆయనకు రెండవ స్థాయి పతకంతో సరిపెట్టారు. 1993లో సైన్యమే ఒక విశ్వవిద్యాలయానికి ఈ విషయంపై పరిశోధన అప్పగించింది. పరిశోధకులు పాత దస్త్రాలు తిరగేశారు, బ్రతికి ఉన్నవారిని కలుసుకొన్నారు. చివరకు ఏడుగురికి ఆ పతకం ఇవ్వాలని నిర్ణయమైంది. గడువు దాటినందున చట్టసభ ప్రత్యేకంగా అనుమతించవలసి వచ్చింది. 1997 జనవరి 13న అధ్యక్షుడు క్లింటన్ ఆ పతకాలు ప్రదానం చేసేనాటికి ఏడుగురిలో ప్రాణాలతో ఉన్నది బేకర్ ఒక్కరే. మిగిలిన ఆరుగురి పతకాలు వారి తరఫువారు అందుకొన్నారు. న్యాయం జరిగింది. అయితే దాన్ని కళ్ళతో చూసుకొనే భాగ్యం ఏడుగురిలో ఒక్కరికే దక్కింది.

సవరణ జరిగే విధానం

ఇటువంటి లోపాలను సరిదిద్దడానికి ఒకప్పుడు అమెరికాలో ఒక్కొక్క మనిషి కోసం చట్టసభలో ఒక్కొక్క బిల్లు పెట్టేవారు. పలుకుబడి ఉన్నవానికి బిల్లు దొరికేది, లేనివానికి దొరికేది కాదు. 1946లో ఆ పద్ధతిని మాన్పించి, సైనిక రికార్డుల సవరణకు పౌరులతో కూడిన బోర్డుల ఏర్పాటుకు చట్టం చేశారు. సైన్యం చేసిన పొరపాటుపై తీర్పు చెప్పేవారు యూనిఫారం వేసుకొన్నవారు కాకుండా పౌరులు కావడం ఇందులోని మంచి.

విధానంలో రెండు మెట్లున్నాయి. పతకం దస్త్రంలో ఉండి విరమణ పత్రంలో మాత్రం ఎక్కకపోతే, లేదా అర్హత స్పష్టంగా కనిపిస్తుంటే, అది గుమాస్తా స్థాయి సవరణ. సైనికుడు గాని, ఆయన మరణించి ఉంటే దగ్గరి బంధువు గాని రికార్డుల కేంద్రానికి దరఖాస్తు పంపితే పరిశీలించి డీడీ–215 అనే సవరణ పత్రం ఇస్తారు. పాత పత్రాన్ని చించివేయరు. దాని పక్కనే సవరణను చేరుస్తారు. పొరపాటూ కనిపిస్తుంది, దాన్ని సరిదిద్దిన సంగతీ కనిపిస్తుంది.

ఆ మెట్టు వద్ద పని జరగకపోతే బోర్డుకు వెళ్ళాలి. లోపం తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలోగా వెళ్ళాలన్నది నియమం. న్యాయం కోసం అవసరమనిపిస్తే ఆ గడువును బోర్డు మన్నించవచ్చు. ఇక శౌర్య పతకానికి ఎన్నడూ సిఫారసే జరగక గడువు దాటిపోయి ఉంటే, చట్టసభ సభ్యుని ద్వారా కొత్తగా పరిశీలన కోరే మార్గం వేరే ఉంది.

బోర్డు ముందు ప్రభుత్వ రికార్డే నిజమని మొదట భావిస్తారు. కాదని నిరూపించే భారం అడిగినవారిదే. "మా నాన్న చెప్పేవారు" అన్న మాట ఒక్కటే చాలదు. ఆనాటి కాగితం కావాలి. లేదా ఆనాడు పక్కనే ఉన్న మనిషి, తాను ఎక్కడ నిలబడి ఏమి చూశాడో సంతకంతో వ్రాసిన మాట కావాలి. ఆసుపత్రి చీటీ, యుద్ధరంగం నుంచి ఇంటికి వ్రాసిన ఉత్తరం, యూనిట్ ఆదేశపు నకలు, తేదీ ఉన్న ఫోటో వంటివి తోడ్పడతాయి. అడిగినవారందరికీ పతకం రాదు. నిజం చెప్పినవారికి కూడా రుజువు లేక తిరస్కారం ఎదురైన సందర్భాలున్నాయి.

ఇది కఠినంగా కనిపిస్తుంది. కాని మరో కోణం నుంచి కూడా చూడాలి. పొందని పతకాన్ని ఛాతీపై ధరించి గౌరవం దండుకొనేవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అబద్ధపు పతకంతో డబ్బో ప్రయోజనమో పొందడాన్ని నేరంగా పరిగణించే చట్టాన్ని అమెరికా 2013లో చేసింది. అడిగిన వెంటనే పేరు చేర్చే పుస్తకానికి విలువ ఉండదు. అబద్ధాన్ని అడ్డుకొనే ద్వారమే నిజాన్ని కూడా కాసేపు ఆపుతుంది. ఆ ద్వారం తెరిచే తాళంచెవి సాక్ష్యం.

పతకం తిరిగి ఇవ్వని వైద్యురాలు

సవరణ అంటే చేర్చడమే కాదు, తొలగించడం కూడా. 1917లో అమెరికా సైన్యం పాత మెడల్ ఆఫ్ ఆనర్ జాబితాను పునఃపరిశీలించి 911 పేర్లు కొట్టివేసింది. వాటిలో 864 ఒకే రెజిమెంటువారివి. యుద్ధరంగంలో సాహసం చూపినందుకు కాక, సేవాకాలం పొడిగించుకొన్నందుకు వారికి పతకాలు పంచారు. ఆ తొలగింపులో న్యాయం ఉంది. కాని అదే కలంపోటుకు డాక్టర్ మేరీ వాకర్ పేరు కూడా పోయింది.

ఆమె 1855లో వైద్య పట్టా పొందారు. స్త్రీలు వైద్యవృత్తిలోకి రావడమే అరుదైన కాలమది. అంతర్యుద్ధంలో సైన్యానికి ఒప్పంద వైద్యురాలిగా పనిచేస్తూ 1864లో శత్రువుకు పట్టుబడి నాలుగు నెలలు చెరలో గడిపారు. 1865లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆమెకు పతకం ఇచ్చారు. యాభై రెండేళ్ళ తరువాత, ఆమె సైన్యంలో చేరిన సైనికురాలు కాదు, పౌర వైద్యురాలు మాత్రమే అన్న కారణంగా పేరు తొలగించారు. ఆమె పతకాన్ని తిరిగి ఇవ్వలేదు. 1919లో మరణించేవరకు ధరించారు. ఆమె బంధువులలో తరువాతి తరంవారు పట్టు వదలలేదు. సైనిక రికార్డుల సవరణ బోర్డు సిఫారసుతో 1977లో ఆమె పేరు తిరిగి చేరింది. నేటికీ ఆ పతకం పొందిన ఏకైక మహిళ ఆమే. కొట్టివేసిన పేరును తిరిగి వ్రాయించడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆమె గురించి మాట్లాడేవారు ఇంట్లో మిగిలి ఉండడం చేతనే అది జరిగింది.

మన ఇళ్ళలోని పెట్టెలు

పాఠక సోదర సోదరీమణులారా! ఈ విషయం సముద్రాల అవతలిదిగా కనిపించినా మనకు దూరమైనది కాదు. తెలుగునాట సైన్యంలో సేవ చేసినవారు లేని ఊళ్ళు తక్కువ. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. మన బంధువర్గంలోనూ దాదాగారో, నానాగారో, మామూగారో ఫౌజులో పనిచేసి ఉండవచ్చు. వారి డిశ్చార్జి పుస్తకం ఇంట్లో ఏదో పెట్టె అడుగున ఉండి ఉంటుంది.

దాన్ని ఒకసారి బయటికి తీసి చదవండి. 1965 యుద్ధానికి సంబంధించి సమర సేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి. 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. 9, 20, 30 ఏళ్ళ సేవకు వేరువేరు పతకాలున్నాయి. ఆయన సేవ చేసిన కాలాన్నీ, స్థలాన్నీ ఈ పేర్లతో పోల్చి చూడండి. పతకమే ఇంట్లో ఉంటే దాని అంచును గమనించండి. మన సైనిక పతకాల అంచున సైనిక సంఖ్య, హోదా, పేరు చెక్కి ఉంటాయి. ఆ చిన్న అక్షరాలు ఒక్కొక్కసారి పెద్ద దరఖాస్తు కంటె ఎక్కువ చెబుతాయి.

లోపం కనిపిస్తే ముందుగా ఆయన రెజిమెంటు లేదా కోర్ రికార్డు కార్యాలయానికి వ్రాయాలి. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ రికార్డు కార్యాలయాలు సికింద్రాబాదులోనే ఉన్నాయి. శతఘ్ని దళానిది నాసిక్‌లోనూ, మద్రాసు రెజిమెంటుది వెల్లింగ్టన్‌లోనూ ఉన్నాయి. దరఖాస్తులో సైనిక సంఖ్య తప్పనిసరి. పేరు అక్షరదోషాలతో మారవచ్చును గాని సంఖ్య మారదు. మన పేర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒక పత్రంలో "షేక్", మరొక పత్రంలో "షేఖ్", ఇంకొకదానిలో ఆ మాటే లేకుండా ఉండడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. దరఖాస్తు వ్రాయడంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయపడుతుంది. రికార్డు కార్యాలయం నుంచి వచ్చే జవాబు న్యాయంగా లేదనిపిస్తే, 2007 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. తెలుగు రాష్ట్రాల వ్యవహారాలు దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. దానికి ఏ కార్యాలయానికీ వెళ్ళనక్కరలేదు. ఆ పెద్దాయన ప్రాణాలతో ఉంటే ఈ శుక్రవారం సాయంత్రం ఆయన పక్కన కూర్చోండి. ఏ సంవత్సరంలో చేరారు, ఏ యూనిట్, ఎక్కడ పోస్టింగు, గాయపడితే ఏ ఆసుపత్రి, పక్కనున్న మిత్రులెవరు, వారిది ఏ ఊరు? అడిగి, ఆయన మాటలలోనే వ్రాసి, తేదీ వేసి సంతకం చేయించండి. ఆయన మిత్రులెవరైనా ఉంటే వారి చేత కూడా చూసినంత మేరకే, చూసినట్లుగానే వ్రాయించండి. ఒక్క మాట పెంచవద్దు, ఒక్క మాట దాచవద్దు. మరొకరి గౌరవానికి సంబంధించి మనకు తెలిసిన నిజం మన దగ్గర ఉన్న అమానతు. దాన్ని అప్పగించకుండా లోకం విడిచిపోతే అది బాకీగానే మిగులుతుంది.

ఎర్ల్ ఎవాన్స్ ఆనాడు కలం పట్టకపోతే ముప్పయి ఏళ్ళ తరువాత వెతికినవారికి దొరకడానికి ఏమీ ఉండేది కాదు. ఉత్తరం దారి తప్పింది నిజమే. కాని వ్రాసి ఉన్నది కనుకనే దారి తప్పిన తరువాత కూడా దొరికింది. వ్రాయని సాక్ష్యం మాత్రం ఎంత వెతికినా దొరకదు.